వినేవాళ్ళు పూసిన రంగు

పోయినవారం ఎమ్నాను స్టూడియోలో, చెవులకు హెడ్‌ఫోన్లతో, కదలకుండా కూర్చున్నచోట వదిలి వచ్చాం. మళ్ళీ అక్కడికే వెళ్దాం.

సముద్రపుటొడ్డున ఉన్న గాబెస్ ఊళ్ళో, ఆడపిల్లల బడిలో అరబ్బీ చెప్పే టీచరు ఎమ్నా. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఊరి రేడియోలో వచ్చే ‘సగం కథ’కు కథ రాసేదీ, చదివేదీ ఆమే. కథను మధ్యలో ఆపేస్తారు. తప్పు ఎవరిదో శ్రోతలు ఫోన్ చేసి ఊహించాలి. ఆ తర్వాత మిగతా సగం. అద్దం అవతల కూర్చుని ఆమె గొంతును ఊరంతటికీ పంపే ఇంజనీరు మిస్బాహ్. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఇష్టపడుతున్నారని రేడియోలో అందరికీ తెలుసు. శుక్రవారం నమాజు అయ్యాక అతను తల్లిని వెంటబెట్టుకుని పిల్లనడగడానికి వస్తున్నాడని ఎమ్నా తల్లి జకియ్యాకూ తెలుసు. మిస్బాహ్ నల్లవాడన్న సంగతి మాత్రం ఆమెకు తెలియదు.

ఆ బుధవారం కథ ఒక పెద్దింటి పెళ్ళి. పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టే రోజున బంగారు వడ్డాణం మాయమైంది. ఆ ఇంట్లో తిరుగుతున్నవాళ్ళు నలుగురు: గోరింటాకు పెట్టే ముసలమ్మ, రాజధాని నుంచి వచ్చిన సిగరెట్లు కాల్చే చుట్టాలమ్మాయి, డోలు కొట్టే ఫరజ్, హజ్ చేసి వచ్చిన పెళ్ళికూతురి పెదనాన్న. వాళ్ళలో వడ్డాణం తీసిందెవరు? అప్పటికి ముగ్గురు ఫోన్ చేశారు. నాలుగో ఫోనులో ఒకావిడ, తాను పక్క ఊరు మెతూయా నుంచి సామీ వాళ్ళమ్మనని చెప్పుకుంది. ఆ గొంతు జకియ్యాది.

ఎమ్నాకు మొదట నవ్వే వచ్చింది. తల్లికి ఈ కార్యక్రమమంటే గర్వం. కూతురి గొంతు వస్తుంటే పొరుగింటి రేడియో కూడా పెద్దది చేయిస్తుంది. అయితే ఎప్పుడూ ఫోన్ చేయలేదు. ఇవాళ ఏ బుద్ధి పుట్టిందో, పేరు మార్చుకుని మరీ చేసింది. లైనులో గరగర శబ్దం ఎక్కువగా ఉంది, మాట సరిగా అందడం లేదు. అద్దం అవతల మిస్బాహ్ వంగి మీటలు అటూ ఇటూ జరిపాడు. గరగర తగ్గి జకియ్యా గొంతు తేటగా, పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టు పలికింది.

“డోలువాడే బాబూ, ఇంకెవరు?” అందామె.

కార్యక్రమం నడిపే రిద్వాన్ ఎందుకలా అనుకుంటున్నారని మర్యాదగా అడిగాడు.

“ఎందుకేముంది. ఆ నల్లవాళ్ళ చెయ్యి ఊరికే ఉండదు. మా పెళ్ళిళ్ళలో డోలు మోగినంతసేపూ మా అత్తగారు గదులకు తాళాలేయించేది. పాట పాటే, తాళం తాళమే.”

రిద్వాన్ చేతిలోని కాగితం వైపు ఒకసారి చూసుకున్నాడు. అందులో ఫరజ్ నల్లవాడని ఎక్కడా లేదు. ఎమ్నాకు అది బాగా తెలుసు, ఎందుకంటే ఆ మాట రాయకూడదని కావాలనే వదిలేసింది. ఇన్నాళ్ళుగా ఆమె ఒడుపు ఇదే. వినేవాళ్ళకు ఎవరంటే గౌరవమో అక్కడ దొంగను దాచాలి, ఎవరంటే చిన్నచూపో అక్కడ దీపం పెట్టాలి. డోలువాడి విషయంలో పెద్ద శ్రమ కూడా అక్కర్లేదు. ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళలో డోలు కొట్టేది తరతరాలుగా నల్లవాళ్ళే, ఒకప్పటి బానిసల సంతతి. ‘డోలు కొట్టే ఫరజ్’ అని చెప్పి ఊరుకుంటే చాలు. ఒంటిరంగు, బుద్ధి, చేతివాటం అన్నీ వినేవాళ్ళే తమ ఇళ్ళనుంచి తెచ్చి అతనికి తగిలిస్తారు.

హాజీ పెదనాన్న విషయంలోనే జాగ్రత్త పడాల్సి వచ్చింది. అసలు దొంగ అతనే. అతను పెళ్ళికూతురి గదిలోకి వెళ్ళడం, నమాజు చేసుకోవాలని తలుపు వేసుకోవడం, బయటికొచ్చి మజ్జిగ గ్లాసు ఎడమచేత్తో అందుకోవడం, కుడిచెయ్యి అంగీ లోపలే ఉండిపోవడం, అన్నీ మొదటి సగంలోనే దాపరికం లేకుండా చెప్పింది. కాకపోతే ఆ వాక్యాల మధ్య అతను చలికాలంలో పేదలకు దుప్పట్లు పంచుతాడని ఒక ముక్క కలిపింది. ఆ ముక్క వినగానే వినేవాళ్ళ మనసు తలవంచుకుంటుంది. తలవంచుకున్నవాళ్ళకు ఎదురుగా ఉన్నది కనబడదు.

ప్రతి బుధవారం ఆమెకు బాగా నచ్చే ఘడియ ఇదే. ఫోన్లన్నీ అనుకున్న దారిలోనే వస్తాయి. తర్వాత రెండో సగంలో ఆమె వాళ్ళ తప్పును మెత్తగా వాళ్ళ ముందే పెడుతుంది. సిగ్గుపడండి అని ఎప్పుడూ అనదు. ఆ మాట అననందుకే ఊళ్ళో ఆమెను మంచి కథకురాలంటారు.

ఇవాళ ఆ ఘడియ రుచించలేదు. రిద్వాన్ సైగ చేస్తే రెండో సగం చదవడం మొదలుపెట్టింది. హాజీ అంగీలోంచి వడ్డాణం బయటపడే చోట అలవాటుగా తల ఎత్తి అద్దంలోకి చూసింది. మామూలుగా ఆ చోట మిస్బాహ్ కనుబొమలెగరేసి నవ్వుతాడు. ఇవాళ తల దించుకుని పని చూసుకుంటున్నాడు. పని మాత్రం ఎక్కడా చెడలేదు. పాట సరిగ్గా రావలసినచోట వచ్చింది, ఆగవలసినచోట ఆగింది.

బయటికి వచ్చాక ఇద్దరూ చేపల రేవు వైపు నడిచారు. వలలు ఆరవేసి ఉన్నాయి. ఎప్పటిలా సిమెంటు గట్టుమీద కూర్చున్నాక, నాలుగో ఫోను మా అమ్మదని ఎమ్నా చెప్పింది. మాట పూర్తికాక ముందే అతను తల ఊపాడు. పండక్కి శుభాకాంక్షలు చెప్పినప్పుడు ఆవిడతో ఫోన్లో మాట్లాడాను కదా, గుర్తుపట్టాను అన్నాడు. మాటలో కోపం లేదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది.

అమ్మ చెడ్డది కాదని, ఊరంతా మాట్లాడే మాటే తనూ మాట్లాడిందని, నిన్ను చూసి నాలుగు మాటలు మాట్లాడితే మారిపోతుందని ఎమ్నా గబగబా చెప్పుకుపోయింది. అతను చివరిదాకా విన్నాడు.

“నా గురించి ఇంట్లో ఏం చెప్పావు?” అన్నాడు.

ఆమె చెప్పింది. స్ఫాక్స్‌లో ఇంజనీరింగ్ చదివావని, బస్‌స్టాండు వెనక సొంత ఫ్లాటు కొన్నావని, తాగవని, నాన్న పోయాక అమ్మను దగ్గరుంచుకుని చూసుకుంటున్నావని. అమ్మకు నీ గొంతు ఎంతో నచ్చిందని కూడా.

“ఇంకా?”

“అంతే.”

“అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు,” అన్నాడు మిస్బాహ్. “ఇవాళ హాజీ గురించి చెప్పినదాంట్లోనూ లేదు.”

ఎమ్నా సముద్రం వైపు తిరిగింది. ఒక పడవ లోపలికి వస్తోంది. దాని వెనక పక్షులు గోల చేస్తున్నాయి.

“నువ్వు చెప్పకుండా వదిలేస్తే డోలువాడికి నలుపు పూశారు. నా రంగు చెప్పకుండా వదిలేస్తే మీ అమ్మ నాకు తెలుపు పూసింది. శుక్రవారం తలుపు తీసినప్పుడు ఆవిడ ముఖం ఎలా మారుతుందో చూడాలని నీకుంది కదూ? నిజం చెప్పు.”

కాదని చెప్పడానికి నోరు తెరిచింది. అబద్ధం రాలేదు. ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు మనసులో రాసుకుందో ఆమెకే తెలుసు. గుమ్మంలో మిస్బాహ్, చేతిలో మిఠాయి పెట్టె. తల్లి ముఖం. ఒక క్షణం మౌనం. ఆ తర్వాత తల్లి తన తప్పు తనే తెలుసుకుని, కళ్ళనీళ్ళతో లోపలికి రమ్మనడం. అక్కడ పాట వచ్చేది.

“మా నాన్న డోలు కొట్టేవాడని నీకు తెలుసు,” అన్నాడతను. “డోలు పక్కన పెట్టాడంటే ఇక ఆయన మాటలకు అంతు ఉండేది కాదు. మా అమ్మ చెవులు మూసుకునేది. నీ ఫరజ్ కథంతా వెతికినా ఒక్క మాట మాట్లాడడు. అందరూ ఒకసారి అనుమానిస్తారు, నువ్వు ఒకసారి నిర్దోషి అంటావు. మధ్యలో డోలు కొడతాడు, అంతే. వాళ్ళు వాడుకున్నారు, నువ్వూ వాడుకున్నావు.”

“వాళ్ళ తప్పు వాళ్ళకు చూపించడానికే కదా.”

“చూపించావు. ఫరజ్‌కేం ఒరిగింది?”

వెళ్ళేముందు అతను ఒకటే అడిగాడు: ఇవాళే ఇంట్లో చెప్పమని. మీ ఇంటికి పెళ్ళికొడుకుగా వస్తాను గానీ కథ చివరి మలుపుగా రాలేనన్నాడు. సంగతి తెలిశాక ఆవిడ వద్దంటే, ఆ మాట తన ముఖం మీద కాకుండా ముందే చెప్పే అవకాశం ఆవిడకు ఇవ్వమన్నాడు. ఎమ్నా సరేనంది.

ఇంటికి చేరేసరికి జకియ్యా ముంగిట్లో చాప పరుచుకుని, వెడల్పాటి చెక్క పళ్ళెంలో, విందుల్లో ఆవిరిమీద ఉడికించి పెట్టే కూస్కూస్ రవ్వ నలుపుతోంది. శుక్రవారం కోసం. బజారులో దొరికే రవ్వ పెళ్ళివారికి పెట్టనని పట్టుబట్టి పిండి తెప్పించింది. నీళ్ళు చిలకరించి అరచేత్తో గుండ్రంగా తిప్పుతుంటే రవ్వ చిన్నచిన్న గింజలుగా విడిపోతోంది. కూతుర్ని చూడగానే ముఖం వెలిగిపోయింది.

“గుర్తుపట్టావా? మెతూయా నుంచి సామీ వాళ్ళమ్మ. ఈ మధ్య ఫోన్లు తక్కువొస్తున్నాయన్నావుగా, అందుకని చేశా. హాజీ అని ఎవరనుకుంటారే? బలే మోసం చేశావు.”

ఎమ్నా సంచి గోడకు తగిలించి, చాప చివర కూర్చుంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

“అమ్మా, మిస్బాహ్ గురించి ఒక మాట చెప్పాలి.”

“ఇంతకుముందే పెళ్ళయిందా?”

“లేదు.”

“తాగుతాడా?”

“లేదమ్మా.”

“మరింకేం?”

“నల్లవాడు.”

జకియ్యా చెయ్యి ఆగలేదు. రవ్వ తిప్పుతూనే ఉంది. నలుపంటే చామనఛాయా అని అడిగింది. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు ఎండకు కమిలినట్టు ఉంటారే, అలాగా అంది. ఎమ్నా వాళ్ళ నాన్న కూడా కాస్త నలుపేనని గుర్తుచేసింది. ఆ సందు మూసేయాలని ఎమ్నాకు తెలుసు.

“కాదమ్మా. నల్లవాడు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళలో డోలు కొట్టేవాడు.”

పళ్ళెంలో చెయ్యి నెమ్మదించింది. వీధిలో ఎవరో మోటారుసైకిలు ఆపి, మళ్ళీ పోనిచ్చారు. జకియ్యా నీళ్ళ గిన్నె అందుకుని, చిలకరించకుండానే పక్కన పెట్టింది.

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదు.”

“అడగాలని ఎవరికి తడుతుంది?”

“అదేనమ్మా నేననేది.”

“అదేనమ్మా అనకు,” అంది జకియ్యా. గొంతు పెంచలేదు. “నేను నీ రేడియో వినేవాళ్ళలో ఒకదాన్ని కాను. నిన్ను కన్నదాన్ని. ఇంజనీరన్నావు, సంతోషించా. ఫ్లాటన్నావు, మీ మేనమామకు చెప్పా. తల్లిని చూసుకుంటాడన్నావు, మనసు నిండింది. నువ్వు చెప్పిన ఒక్కో ముక్కా పట్టుకుని నేనో మనిషిని కట్టుకున్నా. అది చూస్తూ కూర్చున్నావు. శుక్రవారం తలుపు దగ్గర నా ముఖం చూద్దామనే కదా?”

రేవు దగ్గర విన్న మాటే ఎమ్నాకు మళ్ళీ వినబడింది. ఒకరినొకరు ఇంకా చూసుకోని ఇద్దరు మనుషులు ఒకే చోట వేలు పెట్టారు.

తప్పు తనదేనని ఒప్పుకుంది. కానీ ముందే చెప్పి ఉంటే నువ్వు అతని చదువునూ చూసేదానివి కాదు, మంచితనాన్నీ చూసేదానివి కాదు, వినకుండానే వద్దనేదానివి అంది. జకియ్యా అవునంది. ఇప్పుడూ వద్దనే అంటానంది. ఈ ఊళ్ళో పుట్టిపెరిగినదాన్ని, ఎవరి నోరు ఎలాంటిదో నాకు తెలుసు. పెళ్ళి ఊరేగింపులో డోలు పెళ్ళికొడుకే కొడతాడా అని నవ్వుతారు. రేపు నీ పిల్లల్ని బడిలో ఏమంటారో నువ్వే టీచరువి, నీకే తెలియాలి అంది. అవన్నీ నిజాలే. ఎమ్నా వాటిని కాదనలేకపోయింది. అందుకే ఎదురు వాదించకుండా, ఇంకో నిజం చెప్పింది.

“ఇవాళ నువ్వు ఫోన్ చేసినప్పుడు అతను అద్దం అవతల ఉన్నాడు.”

జకియ్యా తలెత్తింది.

“నీ లైను బాగాలేదు. గరగరమంటోంది. నువ్వనే మాట ఊరంతటికీ తేటగా వినబడేలా సరిచేసింది అతనే. చేసి, నువ్వన్నది మొత్తం విన్నాడు.”

జకియ్యా చేతులు రవ్వలోనే ఉండిపోయాయి. కాసేపటికి లేచి, కొళాయి దగ్గరికి వెళ్ళి, చేతులు కడుక్కుంటూ అవసరమైనదానికన్నా ఎక్కువసేపు నిలబడింది. తిరిగి వచ్చి చాపమీద కూర్చున్నాక ఆమె నిర్ణయం చెప్పింది. ఇంటికి వస్తామన్నవాళ్ళను రావద్దని కబురుపెట్టే అలవాటు మన వంశంలో లేదు. రానీ. మర్యాదగా కూర్చోబెడతాను, టీ ఇస్తాను, కూస్కూస్ పెడతాను. ఆ తర్వాత మా అమ్మాయిని ఇవ్వలేమని నేనే, నా నోటితో, నొప్పించకుండా చెబుతాను.

“అతనికి క్షమాపణ చెబుతావా?” అని ఎమ్నా అడిగింది.

“అదీ చెబుతా. రెండూ ఒకటి కాదు,” అంది తల్లి.

ఆ సాయంత్రం ఇక వాళ్ళు ఆ ఊసెత్తలేదు. మిగిలిన పిండి ఇద్దరూ కలిసి నలిపారు.

గురువారం మధ్యాహ్నం ఎమ్నాకు బడి లేదు. పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చుంది, ఒక్కటీ దిద్దలేదు. నిన్న జరిగింది మిస్బాహ్‌కు ఫోన్లో చెప్పింది. అతను విని, మీ అమ్మ మంచిమాటే అంది, రేపు వస్తాను అన్నాడు. వద్దంటారని తెలిసీ వస్తావా అంటే, వద్దనేది నన్ను చూసి అననీ అన్నాడు. ఆ మాటతో ఆమెకు కొంచెం ఊపిరి వచ్చింది.

ఎండ కాస్త తగ్గాక తలుపు చప్పుడైంది. జకియ్యా వెళ్ళి తీసింది. గుమ్మంలో పొడుగ్గా, నిటారుగా ఒక నల్లటి పెద్దావిడ. తలమీదినుంచి కప్పుకున్న తెల్ల పట్టుదుప్పటి మడత నలగకుండా ఉంది. చేతిలో ఏమీ లేదు. వెనక ఎవరూ లేరు.

జకియ్యాకు ఎవరో చెప్పనక్కర్లేకపోయింది. రండి అంది.

గాబెస్‌లో పాతకాలపు నల్ల ఆడవాళ్ళు పెద్దింటి ఆడవాళ్ళను ‘లల్లా’ అని పిలుస్తారు, దొరసానీ అన్నట్టుగా. జకియ్యా వయసువాళ్ళకు ఆ పిలుపు చెవికి అలవాటు. పిలుపు వస్తుందనుకుని ఆమె ముఖం దానికి తగ్గట్టు సర్దుకుంది కూడా. అది రాలేదు.

“నా పేరు అల్జియా, అక్కా. మిస్బాహ్ వాళ్ళమ్మను,” అందావిడ. “రేపు రావాల్సినదాన్ని ఇవాళే వచ్చా. అబ్బాయికి తెలియదు. పండక్కి అబ్బాయి ఫోన్లో మాట్లాడినప్పుడు పక్కనుంచి విన్న గొంతే రేడియోలోనూ అనిపించి, అది మీదేనా కాదా అని దారంతా అనుకుంటూ వచ్చా. ఇప్పుడు రండి అన్నారు చూడండి, అనుమానం తీరిపోయింది.”

జకియ్యా తలుపు అంచు పట్టుకుంది. మిస్బాహ్ తల్లికి ఏమీ చెప్పి ఉండడని ఎమ్నాకు తెలుసు. చెప్పే మనిషి కాదు. అంటే ఆవిడ కూడా నిన్న మధ్యాహ్నం, కొడుకు పనిచేసే రేడియో పెట్టుకుని, కాబోయే కోడలు చదివే కథ వింటూ కూర్చుని ఉంది.

“అది... కథ గురించి అన్నాను,” అంది జకియ్యా.

“అవును. కథ గురించే,” అంది అల్జియా.

లోపలికి తీసుకెళ్ళి మంచి పరుపున్న చోట కూర్చోబెట్టారు. ఎమ్నా పుదీనా టీ కాచి, గ్లాసుల్లో బాదంపప్పు వేసి, ఖర్జూరం మిఠాయి పళ్ళెంతో పట్టుకొచ్చింది. ఎక్కడ పెట్టాలో ఆమె చూసుకుంటుంటే, అల్జియా తనే లేచి పళ్ళెం అందుకుని కింద పెట్టింది. పెద్దవాళ్ళిద్దరూ ఈ ఏడు దానిమ్మలు సరిగా కాయలేదని, ఊట నీళ్ళు తగ్గిపోతున్నాయని మాట్లాడుకున్నారు. అల్జియా టీ మెచ్చుకుంది. మాటతీరు తీరిగ్గా, ఎక్కడా తడబాటు లేకుండా ఉంది. మిస్బాహ్‌కు ఆ గొంతు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అర్థమైంది.

జకియ్యా తనకు తానుగా గ్లాసు పక్కన పెట్టింది. నిన్న తనన్నమాట తప్పని, ఆ మాటకు మీ అబ్బాయి ముందు, మీ ముందు సిగ్గుపడుతున్నానని చెప్పింది. చెప్పేటప్పుడు కళ్ళు దించుకోలేదు. ఎమ్నా తల్లిని అలా ఎప్పుడూ చూడలేదు. అల్జియా విని, తల పంకించింది, పరవాలేదని మాత్రం అనలేదు. ఇక జకియ్యా రెండో మాటకు సిద్ధమైంది. గొంతు సవరించుకుంది. రాత్రంతా మెత్తగా చేసి పెట్టుకున్న మాట అది. ఆడపిల్ల, ఒక్కతే కూతురు, ఊరు, బంధువులు, ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటోంది.

“అక్కా, మీకు ఆ శ్రమ ఎందుకు,” అంది అల్జియా. “రేపు మా అబ్బాయి వచ్చి అడక్కముందే చెప్పి వెళ్దామని వచ్చా. ఈ సంబంధం మాకు వద్దు.”

ఎమ్నాకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పెళ్ళి సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమె లెక్కలన్నీ ఒక్క గుమ్మం దగ్గరే ఆగేవి: అమ్మ ఒప్పుకుంటుందా, ఒప్పుకోదా. అవతలి ఇంటికీ ఒక గుమ్మం ఉంటుందని, అక్కడా ఒక తల్లి నిలబడి అవుననో కాదనో అంటుందని, ఇన్నేళ్ళు జనాన్ని పక్కదారి పట్టించిన కథకురాలికి ఒక్కసారీ తట్టలేదు.

ఇంకా విచిత్రం జకియ్యా ముఖంలో జరిగింది. తప్పిపోయిన గండానికి తేలికపడాల్సిన మనిషి నిటారుగా సర్దుకుని కూర్చుంది.

“వద్దా?” అంది. “మా పిల్లకేం తక్కువ?”

“పిల్లకేం తక్కువ లేదు. నిన్న ఆ కథ విన్నాకే వద్దనుకున్నానని మీరు అనుకుంటారు. అది కాదు. మా వాడు ఏ ఇంటి పిల్లో పేరు చెప్పిననాడే అనుకున్నా. ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళు ఊరుకున్నా.” అల్జియా దుప్పటి అంచు సర్దుకుని, ఎమ్నా వైపు చూసింది. ఆ చూపులో విసుగు లేదు. జాలి లాంటిది ఉంది. “అక్కా, మిగతాది అమ్మాయి ముందు చెప్పలేను. కాసేపు బయటికి పంపండి.”

జకియ్యా కూతురి వైపు చూసింది. చిన్నప్పుడు పెద్దల మాటల్లో కూర్చుంటే ఎలా చూసేదో అలాగే.

“నువ్వు వెళ్ళు, తల్లీ.”

ఎమ్నా లేచి ముంగిట్లోకి వచ్చింది. ఆమె వెనకే గది తలుపు మూసుకుపోయింది. ఆరబెట్టిన కూస్కూస్ మీద గుడ్డ కప్పి ఉంది. దాని పక్కనే మెట్టుమీద కూర్చుంది. లోపల అల్జియా తగ్గుగొంతుతో మాట్లాడుతోంది. మాటలు అందడం లేదు, వరస మాత్రం తెలుస్తోంది. ఒక్క పట్టున, ఎక్కడా ఆగకుండా, ఎప్పుడో కంఠస్థం చేసి పెట్టుకున్నదాన్ని అప్పజెప్పినట్టు. ఎమ్నా మనసు అలవాటుగా ఊహలు అల్లబోయింది. ఏ దారిన వెళ్ళినా అది తను ముందే వేసి ఉంచిన దారిలా అనిపించి, మధ్యలోనే ఆపేసింది.

అల్జియా గొంతు ఆగింది. లోపల నిశ్శబ్దం. అది ఎంతకీ తెగకపోయేసరికి ఎమ్నా లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. తట్టాలా వద్దా అని చెయ్యెత్తి నిలబడింది.

అప్పుడు తల్లి గొంతు వినబడింది. నిన్న రేడియోలో పలికిన గొంతు కాదది, ఇంట్లో రోజూ వినే గొంతూ కాదు. లోతైన నూతిలోంచి వస్తున్నట్టుంది.

“ఈ మాట మీ అబ్బాయికి తెలుసా?”

మిగతా సగం వచ్చేవారం.